పంచాంగం మీద ఊరి పేరుంటుంది

ఏ పంచాంగం తెరిచినా, ఆ గణితం ఏ ఊరి సూర్యోదయానికి కట్టారో ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. హైదరాబాదుకి కట్టిన పంచాంగాన్ని శ్రీకాకుళంలో వాడాలంటే దేశాంతర సంస్కారం చేసుకోవాలి. డిగ్రీ రేఖాంశానికి పది విఘడియలు, అంటే నాలుగు నిమిషాలు. హైదరాబాదు 78½ డిగ్రీల దగ్గర ఉంది, శ్రీకాకుళం దాదాపు 83.9 దగ్గర ఉంది. తేడా ఘడియకి కాస్త తక్కువ. దాని మీద ఋతువుని బట్టి మారే చర సంస్కారం వేరే. అందుకే సిద్ధాంతిగారు ఒక అంకెను కంఠతా పట్టి ఊరుకోరు. ఏ ఊరు, ఏ రోజు అని అడిగాకే అంకె తీస్తారు.

మనం కోడ్‌లో చేసేది దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఊరి పేరు పారేసి అంకెను దాచుకుంటాం. డేటాబేస్‌లో "+05:30" అని ఒక కాలమ్, జావాస్క్రిప్ట్‌లో 19800000 (ఐదున్నర గంటల మిల్లీసెకన్లు) అని ఒక స్థిరాంకం, ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన "ఐఎస్‌టీకి మార్చు" (భారత ప్రామాణిక కాలానికి మార్చమని) అనే ఫంక్షన్. కాలేజీ పిల్లల ప్రాజెక్టుల్లోనే కాదు, పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళ కోడ్‌లోనూ ఇదే. నేననేది ఒక్కటే: ఆఫ్‌సెట్ ఒక జవాబు. "ఫలానా ఊళ్ళో, ఫలానా క్షణాన, గోడ గడియారం యూటీసీకి, అంటే ప్రపంచమంతా కొలబద్దగా వాడే ప్రామాణిక కాలానికి, ఎంత ముందుంది, ఎంత వెనకుంది" అన్న ప్రశ్నకి జవాబు. ప్రశ్నని చెరిపేసి జవాబొక్కటే ఉంచుకుంటే, రేపు ప్రశ్న మారినప్పుడు లెక్క ఎక్కడ తప్పిందో తేల్చడానికి ఆధారమే మిగలదు.

ఈ అలవాటు మనకెలా వచ్చిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మన దేశపు ఆఫ్‌సెట్ 1945 అక్టోబరు తరవాత కదల్లేదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో అడగండి: దుబాయి గంటన్నర వెనక, కువైట్ రెండున్నర గంటల వెనక అని ముసలమ్మ కూడా ఠక్కున చెబుతుంది. అక్కడా గడియారాలు తిప్పరు. సింగపూరు వాళ్ళదీ అంతే, రెండున్నర గంటలు ముందు. మనం చూసి పెరిగిన తేడాలన్నీ కదలని అంకెలే. ఆ అంకెలతోనే అమెరికా వాళ్ళకి సాఫ్ట్‌వేర్ రాయబోతేనే తంటా.

ఇంకో చిన్న సంగతి. ఐఎస్‌టీకి ఆధారం 82½ డిగ్రీల రేఖాంశం. శ్రీకాకుళం దానికి తూర్పున ఉంది కాబట్టి మన ఊరి అసలు సగటు కాలం ఐఎస్‌టీ కన్నా సుమారు ఐదున్నర నిమిషాలు ముందు. ఇదీ ఐదున్నరే, కాకపోతే నిమిషాలు. అరసవల్లి స్వామి పాదాల మీద కిరణాలు పడే రోజున సూర్యుడు ఆ ఐదున్నర నిమిషాలనే లెక్కలోకి తీసుకుంటాడు గానీ ఢిల్లీ వాళ్ళ గడియారాన్ని కాదు. మిగతా అందరం ఢిల్లీ గడియారానికి ఒప్పుకున్నాం. టైమ్‌జోన్ అంటే ఆ ఒప్పందమే. ప్రభుత్వం పెట్టిన నియమం గనక ప్రభుత్వం మార్చగలదు. 2018లో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు ఈశాన్య రాష్ట్రాలకి +06:30 పెట్టాలని ప్రతిపాదించారు. అది అమలు కాలేదు. అయినా, మన ఐదున్నరకి శాశ్వతంగా ఉంటుందని ఎవరూ పూచీ ఇవ్వలేదు.

ఐదున్నర లోపు పోసిన పాలు

ఆమదాలవలస పక్కన ఏదో పల్లెలో పాలకేంద్రానికి ఒక చిన్న యాప్ రాశారనుకోండి. పొద్దున్న నాలుగున్నర దాటిన దగ్గర్నుంచి పాలు పోసేవాళ్ళు వస్తారు. ప్రతి ఎంట్రీకి సర్వర్ యూటీసీలో టైమ్‌స్టాంప్ వేస్తుంది. ఇంతవరకూ తప్పేమీ లేదు. రోజువారీ రిపోర్టు మాత్రం టైమ్‌స్టాంప్‌లోంచి తేదీ ముక్కను కోసుకుని దాని మీద మొత్తాలు కడుతుంది. 15వ తేదీ పొద్దున్న 5:10కి పోసిన పాలు యూటీసీలో 14వ తేదీ రాత్రి 23:40. 5:35కి పోసినవి 15వ తేదీ 00:05. ఒకే వరసలో నిలబడ్డ ఇద్దరిలో ముందున్నవాడి పాలు నిన్నటి ఖాతాకి, వెనకున్నవాడి పాలు ఇవాళ్టి ఖాతాకి పోతాయి.

ఇది పట్టుబడదు. రోజూ ఇంచుమించు అన్నే లీటర్లు వెనక్కి జారతాయి కాబట్టి మొత్తంలో తేడా కనిపించదు. ఒకటో తేదీ నుంచి లీటరు ధర పెంచినప్పుడు బయటపడుతుంది. చీకటితో వచ్చి పోసినవాళ్ళందరికీ పాత ధర పడుతుంది, ఎండెక్కాక వచ్చినవాళ్ళకి కొత్త ధర. అప్పుడు "ఏటిది?" అని జనం కేంద్రం మీదికొస్తారు.

ఇక్కడ చాలామంది చేసే మరమ్మతు అసలు తప్పు కన్నా చేటు. టైమ్‌స్టాంప్‌కి ఐదున్నర గంటలు, అంటే 19800 సెకన్లు కలిపేసి, దాన్నే మళ్ళీ యూటీసీ అనుకుని డేటాబేస్‌లో పెట్టేస్తారు. ఇప్పుడా కాలమ్‌లో ఉన్నది క్షణం కాదు, వేషం మార్చిన గోడ గడియారం. కొన్నాళ్ళకి ఇంకెవరో వచ్చి సర్వర్ టైమ్‌జోన్‌ని ఐఎస్‌టీకి మారుస్తారు. చూపించేటప్పుడు ఇంకో ఐదున్నర కలుస్తుంది. యూటీసీ మీద మొత్తం పదకొండు గంటలు, అసలు సమయం మీద ఐదున్నర. పొద్దున్న 5:10కి పోసిన పాలు 10:40కి పోసినట్టు తేలతాయి. ఎప్పుడైనా తేడా సరిగ్గా ఐదున్నర గంటలు కనిపిస్తే అది రెండుసార్లు కలిసిందేమో, పదకొండు గంటలు కనిపిస్తే తీసేయాల్సిన చోట కలిపారేమో చూడండి. నూటికి తొంభై సార్లు అదే.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది. రిపోర్టుకి కావలసిన రోజును తీసుకుని, "ఆసియా/కోల్‌కతాలో ఆ రోజు ఎప్పుడు మొదలైంది, మర్నాడు ఎప్పుడు మొదలైంది" అని లైబ్రరీని అడగాలి. ఆసియా/కోల్‌కతా అనేది ప్రపంచ జోన్ల నియమాలు రాసిపెట్టే టైమ్‌జోన్ డేటాబేస్‌లో మన దేశానికున్న పేరు. ఏప్రిల్ 1కి ఆ జవాబులు యూటీసీలో మార్చి 31, 18:30, ఆపైన ఏప్రిల్ 1, 18:30. మొదటిదానికి సమానం లేదా ఎక్కువ, రెండోదానికి తక్కువ అని వెతకాలి. కాలమ్ మీద ఏ ఫంక్షనూ పెట్టలేదు కాబట్టి ఇండెక్స్ (వేగంగా వెతకడానికి డేటాబేస్ కట్టుకునే సూచిక) పనిచేస్తుంది. చివరి హద్దుని 23:59:59 అని రాయకండి, ఆఖరి సెకనులో పడినవి గల్లంతవుతాయి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో తేదీ మీదే ఇండెక్స్ కావాలంటే, టైమ్‌జోన్ ఉన్న టైమ్‌స్టాంప్‌ని నేరుగా తేదీగా మార్చి ఇండెక్స్ కట్టబోతే అది ఒప్పుకోదు, ఎందుకంటే ఆ జవాబు ఆ కనెక్షన్‌కి అప్పుడు పెట్టిన జోన్‌ని బట్టి మారుతుంది. ముందు ఆసియా/కోల్‌కతాకి మార్చి ఆ తరవాత తేదీ తీస్తే ఒప్పుకుంటుంది. డేటాబేస్ పెట్టే ఈ పేచీ విసుగు పుట్టించినా, అది చెబుతున్నది సబబే: ఏ ఊరి తేదీయో చెప్పు అంటోంది.

పాలకేంద్రం విషయంలో నేనైతే ఇంకో మెట్టు ముందుకెళ్ళి, "లెక్క తేదీ", "పూట" అని రెండు కాలమ్‌లు విడిగా పెడతాను. ఉదయం పూట, సాయంత్రం పూట అనేవి మనుషులు పెట్టుకున్న విభజనలు, క్షణం నుంచి పుట్టినవి కావు. వానొచ్చి కరెంటు పోయి, ఎంట్రీ తొమ్మిదింటికి కొట్టినా అది ఉదయం పూట పాలే.

గ్రాఫులు గీసేవాళ్ళకి ఇదే బాధ ఇంకో రూపంలో వస్తుంది. గంటగంటకీ మొత్తాలు కట్టి, అసలు ఎంట్రీలు చెరిపేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఆ గంటలు యూటీసీ గంటలైతే, మన 6 నుంచి 7 దాకా ఎంత అన్న ప్రశ్నకి ఇక ఎప్పటికీ జవాబు రాదు. మన గంట వాళ్ళ గంట మధ్యలో మొదలవుతుంది. నేపాల్ ఆఫ్‌సెట్ +05:45. కాబట్టి ముందుగా కట్టే మొత్తాలు పావుగంటవి అయితే ఇవాళ ఉన్న ఏ దేశానికైనా తిరిగి కూర్చుకోవచ్చు. ఆఫ్‌సెట్‌ని పూర్ణాంకపు గంటల్లో దాచే కాలమ్ చూస్తే మాత్రం ఆ డిజైన్ చేసినవాడు మన దేశాన్ని మ్యాపులో చూడలేదనిపిస్తుంది.

పుట్టినరోజుకి జోన్ లేదు

జూన్ 10న పుట్టిన పిల్ల పుట్టినరోజు జూన్ 9గా సేవ్ అయిందనే ఫిర్యాదు వినని డెవలపర్ మన దగ్గర ఉండడు. ఫారంలో తేదీ ఎంచుకోగానే చాలా డేట్‌పికర్ లైబ్రరీలు ఆ రోజు ఇక్కడి అర్ధరాత్రిని డేట్ ఆబ్జెక్టుగా ఇస్తాయి. దాన్ని సర్వర్‌కి పంపడానికి జేసన్ అనే పాఠ రూపంలోకి మార్చేసరికి యూటీసీలోకి మారి జూన్ 9, 18:30 అవుతుంది. సర్వర్ మొదటి పది అక్షరాలు కోసుకుంటుంది. పిల్ల ఒకరోజు పెద్దదవుతుంది. 18:30 అన్న అంకె లాగ్‌లో కనపడితే చాలు, ఎవరో భారతీయ అర్ధరాత్రిని యూటీసీకి మార్చారని అర్థం.

దీనికి తమ్ముడు లాంటి బగ్ ఒకటుంది, అది మనకి కనపడదు. "2012-06-10" అని తేదీ మాత్రమే ఉన్న స్ట్రింగ్‌ని జావాస్క్రిప్ట్ డేట్‌కి ఇస్తే, దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది. అదే స్ట్రింగ్‌కి చివర టీ అక్షరం, 00:00 తగిలిస్తే స్థానిక అర్ధరాత్రిగా చదువుతుంది. స్పెసిఫికేషనే అలా ఉంది. విజయనగరంలో కూర్చుని పరీక్షిస్తే మొదటిది జూన్ 10 పొద్దున్న 5:30 అవుతుంది, తేదీ సరిగ్గానే కనిపిస్తుంది. న్యూజెర్సీలో చూస్తే జూన్ 9 రాత్రి 8 గంటలు. గ్రీనిచ్‌కి తూర్పున ఉన్నవాళ్ళని రాసేటప్పటి బగ్ కొడుతుంది, పడమరన ఉన్నవాళ్ళని చదివేటప్పటి బగ్ కొడుతుంది. అందుకే ఇక్కడ టెస్టింగ్ పాసైన పేజీ అక్కడ తప్పుతుంది, అక్కడివాళ్ళు రాసిన లైబ్రరీ ఇక్కడ తప్పుతుంది. రెండుచోట్లా "మా దగ్గర బానే ఉంది" అన్న మాట నిజమే.

పుట్టినరోజు, పరీక్ష తేదీ, పండగ తేదీ క్షణాలు కావు. వాటిని తేదీ రకం కాలమ్‌లోనే పెట్టాలి, ఏపీఐలో పది అక్షరాల స్ట్రింగ్‌గానే పంపాలి. జావాలో లోకల్‌డేట్ అనే రకం 2014లో జావా 8తో వచ్చింది. జావాస్క్రిప్ట్‌లో దానికి సాటి అయిన టెంపోరల్ ఇప్పుడిప్పుడే బ్రౌజర్లలోకి వస్తోంది. అది అన్నిచోట్లా అందేదాకా తేదీని డేట్ ఆబ్జెక్టుగా మార్చకుండా ఉండటమే క్షేమం.

ఎవరి గడియారం మాట నెగ్గాలి

అసలు చిక్కంతా ఇక్కడుంది. "అన్నీ యూటీసీలో దాచెయ్" అనేది మన వృత్తిలో వేదవాక్కులా తిరుగుతోంది. జరిగిపోయినదానికి అది సరైన మాటే. జరగబోయేదానికి కాదు.

విజయనగరంలో వయొలిన్ మాస్టారొకాయన ఆన్‌లైన్లో పాఠాలు చెబుతారనుకుందాం. సంగీతం ఊరు కదా, శిష్యులకి కొరత లేదు. న్యూజెర్సీ పిల్లకి శనివారం వాళ్ళ పొద్దున్న 9 గంటలకి పాఠం. లండన్ పిల్లాడికి శనివారం వాళ్ళ మధ్యాహ్నం 1 గంటకి. చలికాలంలో న్యూజెర్సీ ఆఫ్‌సెట్ -05:00, లండన్‌ది సున్నా. మాస్టారి గోడ గడియారంలో లండన్ పాఠం సాయంత్రం 6:30కి, న్యూజెర్సీ పాఠం 7:30కి. గంటసేపు ఒకటి, అది కాగానే ఇంకొకటి. చక్కగా అమరాయి.

2026 క్యాలెండరు ముందు పెట్టుకోండి. అమెరికాలో 2007 నుంచి ఉన్న నియమం ప్రకారం మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, అంటే మార్చి 8. న్యూజెర్సీ -04:00 అవుతుంది, ఆ పిల్ల పాఠం మాస్టారికి 6:30కి వచ్చేస్తుంది. లండన్‌లో మార్చి ఆఖరి ఆదివారం మారుతుంది, అంటే మార్చి 29. అప్పటిదాకా లండన్ పిల్లాడు కూడా 6:30కే. మార్చి 14, 21, 28 మూడు శనివారాలూ ఇద్దరూ ఒకేసారి కెమెరా ముందుకొస్తారు. 29 తరవాత లండన్ పాఠం 5:30కి జరిగి మళ్ళీ అంతా సర్దుకుంటుంది. అక్టోబరులో లండన్ 25న వెనక్కి వస్తుంది, అమెరికా నవంబరు 1న. మధ్యలో అక్టోబరు 31 శనివారం ఇంకోసారి ఢీకొంటారు. ఏడాదికి నాలుగు వారాలు. బుకింగ్ చేసిన జనవరిలో ఏ ఘర్షణా లేదు. ఘర్షణ ఉందా అని ఆ ఒక్క వారానికే చూసిన సాఫ్ట్‌వేర్ ఉత్తి పుణ్యానికి "సరే" అనేసింది.

ఇప్పుడు ఈ పాఠాన్ని "ప్రతి శనివారం 14:00 యూటీసీ" అని దాచారనుకోండి. మార్చి 8 తరవాత న్యూజెర్సీ పిల్ల స్క్రీన్ మీద పాఠం పది గంటలకి కనిపిస్తుంది. మాస్టారికి ఎప్పటిలాగే 7:30. అంటే యూటీసీ అన్న పేరుతో మనం తెలియకుండానే మాస్టారి గడియారాన్ని గెలిపించాం. మన ఆఫ్‌సెట్ మారదు కాబట్టి యూటీసీకి కట్టడమూ ఐఎస్‌టీకి కట్టడమూ ఒకటే అయిపోయింది. ఆ నిర్ణయం ఎవరూ తీసుకోలేదు. పిల్లకి పదింటికి ఈత క్లాసుందా, మాస్టారికి ఆరున్నరకి గుళ్ళో కచేరీ ఉందా అన్నది కనుక్కుని ఎవరో ఒకరు తీసుకోవలసిన నిర్ణయం అది.

అందుకని భవిష్యత్తు అపాయింట్‌మెంట్‌కి నేను వాదించే పట్టిక ఇది. గోడ గడియారపు సమయం ఒక కాలమ్, దానికి ఏ ఆఫ్‌సెట్టూ తగిలించకుండా: 2026-03-14, 09:00. ఏ ఊరి గోడ అన్నది ఇంకో కాలమ్: అమెరికా/న్యూయార్క్. మూడో కాలమ్‌లో ఆ రెంటి నుంచి లెక్కగట్టిన యూటీసీ క్షణం. గుర్తుచేసే మెసేజీలు పంపే ప్రోగ్రామ్ మూడోదాన్ని చూసుకుంటే చాలు. అసలు నిజం మాత్రం మొదటి రెండింటిలో ఉంటుంది, మూడోది ఎప్పుడైనా చెరిపి తిరిగి కట్టుకోవచ్చు. ఏ టైమ్‌జోన్ డేటా వెర్షన్‌తో కట్టారో నాలుగో కాలమ్‌లో రాసుకుంటే ఇంకా మంచిది. ప్రతి వారం జరిగేవాటికి ఒక్కో శనివారాన్నీ విడిగా లెక్కగట్టాలి, మొదటి క్షణానికి ఏడు ఇరవైనాలుగు గంటలు కలుపుకుంటూ పోకూడదు. ఘర్షణలు చూసేటప్పుడు కనీసం ఏడాది ముందుకి చూడాలి.

తిరిగి కట్టుకోవలసిన అవసరం నిజంగా వస్తుంది. మెక్సికో 2022 అక్టోబరులో గడియారాలు తిప్పే పద్ధతినే చాలామటుకు రద్దుచేసింది. కజకిస్తాన్ 2024 మార్చి 1 నుంచి దేశమంతా +05:00కి వచ్చింది. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం గంట ముందుకి జరపడాన్ని వాయిదా వేస్తున్నామని మూడు రోజుల ముందు చెప్పి, గోల జరిగాక వెనక్కి తీసుకుంది. టైమ్‌జోన్ డేటాబేస్ నడిపేవాళ్ళు ఆ వారంలో 2023బీ అని ఒక విడుదల చేసి, దాన్ని రద్దు చేస్తూ 2023సీ విడుదల చేయాల్సొచ్చింది. బేరూట్ అపాయింట్‌మెంట్లని యూటీసీలో మాత్రమే దాచుకున్నవాళ్ళకి, ఏ వరస ఏ నియమంతో కట్టిందో తెలుసుకునే దారే లేదు.

గంట ముందుకి జరిగే రాత్రి లేని సమయాలు పుడతాయి. న్యూయార్క్‌లో 2026 మార్చి 8న 2:30 అనేదే లేదు. జావా దాన్ని నోరెత్తకుండా 3:30కి జరుపుతుంది. పైథాన్ జోన్‌ఇన్ఫో అభ్యంతరం చెప్పదు, పాత ఆఫ్‌సెట్‌తోనే ఉంచుతుంది. నవంబరు 1న 1:30 రెండుసార్లొస్తుంది, మన గడియారంలో పొద్దున్న 11:00కి ఒకసారి, మధ్యాహ్నం 12:00కి ఇంకోసారి. పైథాన్‌లో ఏది కావాలో ఫోల్డ్ అనే గుర్తుతో చెప్పాలి. పైథాన్‌లోనే ఇంకో ఉచ్చు ఉంది: ఒకే జోన్ ఉన్న రెండు సమయాలని తీసివేస్తే అది ఆఫ్‌సెట్లు చూడదు, గోడ గడియారాల తేడా ఇస్తుంది. మార్చి 8 రాత్రి 1:00 నుంచి 4:00కి మూడు గంటలంటుంది, గడిచింది రెండే. జీతం గంటలకి కట్టేవాళ్ళు రెంటినీ యూటీసీకి మార్చి తీసివేయాలి.

ఆఫ్‌సెట్‌కి అసలు విలువే లేదనడం లేదు. లాగ్‌లో, రసీదులో, జరిగిపోయిన లావాదేవీలో "14:05, +05:30" అని ఉంటే క్షణమూ తెలుస్తుంది, అప్పుడు అక్కడి గోడ మీద ఏముందో కూడా తెలుస్తుంది. గతం ఇక మారదు కాబట్టి అక్కడ జవాబు దాచుకున్నా నష్టం లేదు.

గుర్తులు, పొట్టి పేర్లు

ఇవి చిన్నవే, కానీ రోజులు తినేస్తాయి. జావాస్క్రిప్ట్‌లో గెట్‌టైమ్‌జోన్‌ఆఫ్‌సెట్ మన దగ్గర -330 ఇస్తుంది. ప్లస్ కాదు, మైనస్. యూటీసీ రావాలంటే స్థానిక సమయానికి ఎన్ని నిమిషాలు కలపాలో చెబుతుంది కాబట్టి. యూనిక్స్ పాత పద్ధతిలో మన జోన్ రాయాలంటే ఐఎస్‌టీ-5:30 అనాలి, అక్కడ పడమర ప్లస్సు. "ఈటీసీ/జీఎంటీ-5" అన్న పేరున్న జోన్ నిజానికి గ్రీనిచ్‌కి ఐదు గంటలు ముందుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో "ఎట్ టైమ్ జోన్" పక్కన '+05:30' అని అంకె రాస్తే ఈ పాత పద్ధతే పట్టుకుని ఐదున్నర వెనక్కి పోతుంది. పైన చెప్పిన పదకొండు గంటల తేడా మళ్ళీ ఇక్కడ. ఊరి పేరు రాస్తే ఏ గొడవా లేదు.

ఐఎస్‌టీ అనే మూడక్షరాలు మనవొక్కరివే కావు, ఇజ్రాయెల్‌వీ ఐర్లండ్‌వీ కూడా. పోస్ట్‌గ్రెస్ మామూలు జాబితాలో ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్, +02:00. గో భాషలో ఇంకా విచిత్రం: సమయం చదివేటప్పుడు "ఐఎస్‌టీ" అని కనిపిస్తే, యంత్రం స్థానిక జోన్‌లో ఆ పేరుంటే సరిగ్గా అర్థం చేసుకుంటుంది. లేకపోతే ఐఎస్‌టీ అన్న పేరుతోనే సున్నా ఆఫ్‌సెట్ ఉన్న జోన్‌ని సృష్టిస్తుంది. ఇక్కడి ల్యాప్‌టాప్‌లో పాస్, యూటీసీలో నడిచే సర్వర్‌లో ఫెయిల్, ఎర్రర్ మాత్రం ఎక్కడా రాదు.

యూఆర్ఎల్‌లో +05:30 నేరుగా పెడితే ప్లస్ గుర్తు ఖాళీగా మారిపోతుంది. ఎన్‌కోడ్ చేసి పంపాలి. ఆఫ్‌సెట్ స్ట్రింగ్‌ని చేత్తో విడగొట్టేవాళ్ళు "-03:30"ని మైనస్ మూడు గంటలు, ప్లస్ ముప్పై నిమిషాలుగా కలిపి -02:30 చేసేస్తారు. న్యూఫౌండ్‌లాండ్ వాళ్ళు ఫోన్ చేసేదాకా తెలియదు. బ్రౌజర్ ఇచ్చే జోన్ పేరుని "ఆసియా/కోల్‌కతా"తో అక్షరాలా సరిపోల్చకండి. 2008లోనే పేరు మారినా, క్రోమ్‌లో "ఆసియా/కలకత్తా" అనే పాత పేరు చాలాకాలం వచ్చింది. ఆసియా/శ్రీకాకుళం లేదేమని అడిగేవాళ్ళకి: 1970 నుంచి గడియారాలు ఒకేలా నడిచిన ప్రాంతమంతటికీ ఒక పేరు, మామూలుగా అందులో పెద్ద ఊరిది, చాలన్నది వాళ్ళ నియమం.

1943లో పుట్టినవాళ్ళు

మన +05:30 ఎప్పుడూ ఇంతే అనుకునేవాళ్ళకి జాతక సాఫ్ట్‌వేర్ మంచి గుణపాఠం. ఐఎస్‌టీ 1906 జనవరి 1న మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో గడియారాలు గంట ముందుకి జరిపారు. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు 15 దాకా దేశం +06:30లో నడిచింది. 1943లో విజయనగరంలో గడియారం చూసి ఆరింటికి పుట్టిందని రాసిపెట్టిన బిడ్డకి ఐదున్నర తీసేసి జాతకం వేస్తే గంట తప్పుతుంది. రోజుకి పన్నెండు లగ్నాలు, లగ్నానికి సుమారు రెండు గంటలు. గంట తేడాకి సగం రాశి జరుగుతుంది, లగ్నమే మారిపోవచ్చు. అంకె బదులు ఆసియా/కోల్‌కతా అని ఊరి పేరిస్తే టైమ్‌జోన్ డేటాబేస్ ఈ యుద్ధకాలపు గంటని దానంతటదే చూసుకుంటుంది. 1906కి ముందుది మాత్రం నమ్మకండి. 1970కి ముందు వివరాలు ఆ పేరున్న నగరానివే అని వాళ్ళే చెబుతారు.

ఆ పాత చరిత్ర ఒక్కోసారి పిలవకుండానే వస్తుంది. పైథాన్‌లో పైటీజెడ్ లైబ్రరీ జోన్‌ని తీసుకుని నేరుగా డేట్‌టైమ్‌కి తగిలిస్తే ఆఫ్‌సెట్ +05:53 వస్తుంది. అది పంతొమ్మిదో శతాబ్దపు కలకత్తా స్థానిక కాలం, జాబితాలో మొదటి వరస. 23 నిమిషాల తేడా ఎక్కడ కనిపించినా కారణం వెతకక్కర్లేదు. లోకలైజ్ అనే ఫంక్షన్ వాడాలి, లేదా పైథాన్ 3.9 నుంచి ఉన్న జోన్‌ఇన్ఫోకి మారిపోవాలి. రెండోదే నా ఓటు.

సర్వర్ దగ్గర

టైమ్‌జోన్ నియమాల డేటా మీ ప్రాడక్టులో ఒకచోట ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక ప్రతి, జావాలో దాని సొంత ప్రతి, బ్రౌజర్లో ఒకటి, మైఎస్‌క్యూఎల్ పట్టికల్లో ఒకటి. ఒకటి అప్‌డేట్ అయి ఇంకొకటి కాకపోతే వెబ్ పేజీ ఒక గంట చెబుతుంది, ఈమెయిల్ ఇంకో గంట చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఆ పట్టికలు అసలు నింపకపోతే, ఊరి పేరుతో కన్వర్ట్ చేయమన్నప్పుడు ఎర్రర్ రాదు, నల్ వస్తుంది. ఆల్పైన్ లినక్స్ కంటైనర్‌లో టీజెడ్‌డేటా ప్యాకేజీ వేయకుండా జోన్ ఆసియా/కోల్‌కతా అని పెడితే చడీచప్పుడు లేకుండా యూటీసీలో నడుస్తుంది. ఇమేజ్ కట్టిన వెంటనే తేదీ కమాండ్ (date +%z) కొట్టి +0530 వస్తోందో లేదో చూడటానికి అర నిమిషం పడుతుంది.

క్రాన్ (పెట్టిన వేళకి ప్రోగ్రాములు నడిపే సాధనం) రాసేటప్పుడు రోజు కూడా జరుగుతుందని మరిచిపోతారు. సోమవారం తెల్లవారుజామున 3 గంటలకి నడవాలంటే యూటీసీ సర్వర్లో అది ఆదివారం 21:30. వారం కాలమ్‌లో సోమవారం ఉంచేస్తే సరిగ్గా ఒకరోజు ఆలస్యంగా నడుస్తుంది. "ప్రతి నెలా ఒకటో తేదీ రాత్రి 2కి" అన్నది యూటీసీలో ముందు నెల ఆఖరి రోజు 20:30. ఆఖరి రోజు 28, 29, 30, 31లో ఏదైనా కావచ్చు, మామూలు క్రాన్‌లో అలా రాయడానికి వీల్లేదు. కుబర్నెటీస్ క్రాన్‌జాబ్‌కి టైమ్‌జోన్ అనే ఫీల్డు ఉంది, సిస్టమ్‌డీ టైమర్‌లో సమయం పక్కనే జోన్ పేరు రాయొచ్చు. అవి వాడండి.

టెస్టులు మూడు జోన్లలో నడపమని చెబుతాను: ఆసియా/కోల్‌కతా, అమెరికా/న్యూయార్క్, ఆసియా/ఖాట్మండు. మొదటిది మనకోసం, రెండోది గడియారం తిప్పేవాళ్ళకోసం, మూడోది ముప్పావు గంట కోసం. ఇన్‌పుట్లుగా మన అర్ధరాత్రికీ 5:30కీ మధ్య ఒక సమయం, న్యూయార్క్ మార్చి 8 రాత్రి 2:30, నవంబరు 1 రాత్రి 1:30, ఫిబ్రవరి ఆఖరి రోజు, తేదీ మాత్రమే ఉన్న ఒక పుట్టినరోజు. శ్రీకాకుళంలో ఒక కూడలి పేరే డే అండ్ నైట్. ఈ ఇన్‌పుట్లలో సగం అలాంటి కూడలిలోనే ఉంటాయి, పగలో రాత్రో, నిన్నో ఇవాళో తేలని చోట. గడియారాన్ని కోడ్‌లో నేరుగా చదవకుండా బయట నుంచి అందిస్తే తప్ప వీటిలో ఒక్కటీ రాయలేరు. పాత ప్రాజెక్టులో పని అక్కడి నుంచే మొదలవుతుంది: ముందు "ఇప్పుడు ఎంతయింది" అని అడిగే చోట్లన్నీ ఒక్క ఫంక్షన్ కిందకి తేవాలి, తరవాత 19800 కోసం, 330 కోసం, 5.5 కోసం కోడంతా గాలించాలి.